పెరట్లో గోమారి, బ్రెజిల్లో ఒంగోలు

పోయిన వానాకాలం విజయవాడలో మా కుక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. డెంగీ రోజుల్లో మనుషుల గురించి వినే మాట కుక్క గురించి వినడం నాకదే మొదటిసారి. డాక్టరుగారు దాని చెవి మడత తిప్పి, ఆముదపు గింజలా ఉబ్బిన ఒకదాన్ని ట్వీజర్‌తో పీకి చూపించారు. గోమారి. కొన్నిచోట్ల పిడుదు అంటారు. అది కుట్టినప్పుడు ఎర్లీషియా అనే బాక్టీరియా రక్తంలోకి వెళ్తుందట. డాక్సీసైక్లిన్ రాసిచ్చి, బయల్దేరుతుంటే ఒక మాటన్నారు: "కుక్కతో పాటు గోడలకి కూడా వైద్యం చెయ్యండి."

ఆ మాట ఇంటికొచ్చి చదివితే గానీ అర్థం కాలేదు. రక్తం తాగి నిండిన ఆడ గోమారి కుక్క మీంచి రాలి, పాక్కుంటూ గోడ ఎక్కి, ఏదో ఒక పగుల్లో దూరి వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చి కుక్కనెక్కుతాయి, తాగుతాయి, రాలిపోతాయి, కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతాయి. జీవితం మొత్తంలో మూడుసార్లు ఇలా ఎక్కి, తాగి, రాలతాయి. అంటే ఏ రోజు లెక్క తీసినా కుక్క మీద కనబడేవి కొన్నే, మిగతా మందంతా మన ఇంట్లోనే ఉంటుంది. నేను నెలల తరబడి షాంపూతో కుక్కని మాత్రమే తోముతూ వచ్చాను. ఎర్రర్ కనబడిన స్క్రీన్ మీదే బగ్ ఉందనుకునే జూనియర్ ఇంజనీరులాగా.

ఆ రాత్రి గోమార్ల గురించి చదువుతూ పోతే చివరికి తేలింది ఒంగోలు గిత్త దగ్గర.

దారి అమెరికా మీదుగా పోతుంది. 19వ శతాబ్దంలో టెక్సస్ పశువుల్ని ఉత్తరాదికి తోలుకెళ్తే, అవి నడిచిన దారి పొడుగునా అక్కడి పశువులు జ్వరమొచ్చి, ఎర్రటి మూత్రం పోసి చచ్చేవి. వచ్చిన మంద మాత్రం నిక్షేపంగా ఉండేది. గోమార్ల వల్లే అని పశువులు కాసేవాళ్లు అంటుంటే చదువుకున్నవాళ్లు చాలామంది కొట్టిపారేశారు. 1889 నుంచి థియోబాల్డ్ స్మిత్, ఎఫ్. ఎల్. కిల్‌బోర్న్ వాషింగ్టన్ దగ్గర కంచెలు కట్టి పరీక్షించారు. ఒక మడిలో గోమార్లున్న దక్షిణాది పశువుల్ని, ఇంకో మడిలో గోమార్లని ఒక్కొక్కటీ చేత్తో ఏరేసిన పశువుల్ని వదిలి, రెంటిలోనూ ఉత్తరాది పశువుల్ని కలిపారు. గోమార్లున్న మడిలోనే జ్వరం వచ్చింది. 1893లో ఆ నివేదిక అచ్చయింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడ్డానికి నాలుగేళ్ల ముందు మాట ఇది. రాస్ మన పాఠాల్లో ఉన్నాడు గానీ, కూలీలతో గోమార్లు ఏరించిన ఈ ఇద్దరూ లేరు.

కారణం తెలిశాక అమెరికా మందుతో యుద్ధం మొదలుపెట్టింది. 1906లో ప్రభుత్వ కార్యక్రమం ఆరంభమైంది. ఆర్సెనిక్ నీళ్ల తొట్లు కట్టించి ప్రతి పశువునీ అందులో ముంచాలన్నారు. ఖర్చూ, శ్రమా భరించలేని చిన్నరైతులు కొన్నిచోట్ల ఆ తొట్లని డైనమైట్ పెట్టి పేల్చేశారు కూడా. 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప దేశమంతా శుభ్రమైంది. రెండో దారి కూడా 1906లోనే తెరుచుకుంది. ఎ. పి. బోర్డెన్ అనే టెక్సస్ ఆసామి ఇండియా వచ్చి మూపురమున్న పశువుల్ని కొని ఓడెక్కించాడు. అవి ఎండకి తట్టుకుంటాయి, గోమార్లకీ తట్టుకుంటాయి. అమెరికన్లు బ్రాహ్మన్ అని పిలిచే జాతికి మూలాల్లో గుజరాత్, గిర్, నెల్లూరు, కృష్ణా వ్యాలీ పేర్లుంటాయి. ఇందులో కృష్ణా వ్యాలీ మనది కాదు, ఎగువన సాంగ్లీ, బెళగావి వైపుది. నేనూ ఒక పూట పొరపాటున గర్వపడ్డాను. నెల్లూరు మాత్రం మనదే, అది ఒంగోలుకి విదేశీయులు పెట్టిన పేరు.

బ్రెజిల్ కథ మనవాళ్లకి కొంత తెలుసు. 1868లో బయ్యా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగిన ఓడలోంచి ఒక జత అమ్ముడైంది. 1878లో లెంగ్రూబర్ అనే ఆసామి హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో చూసి మరో జత కొన్నాడు. 1960లలో వెళ్లిన వాటిలో ప్రకాశం జిల్లా కరవది ఊరిపేరు మోసుకెళ్లిన గిత్త ఉంది. ఇప్పుడు అక్కడి మాంసపు పశువుల్లో అధిక భాగం నెలోర్ రక్తమే. వయాటినా-19 అనే ఆవు ధర సుమారు 40 కోట్లని వార్త వచ్చినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో అది ఆరుసార్లు ఫార్వర్డ్ అయింది. ఆ పొగడ్తల్లో రాజసం, తెలుపు, మూపురం, అన్నీ ఉన్నాయి. గోమారి మాత్రం లేదు. అక్కడి వాతావరణంలో యూరప్ ఆవుని పీల్చి పిప్పి చేసే పురుగుని ఇది ఒంటి మీద నిలవనివ్వదనే సంగతి, మన గర్వానికి బహుశా నామోషీ.

ఇంకో మెలిక ఉంది. బ్రెజిల్ పశువుల్ని పీడించే ఆ గోమారి కూడా మూలంలో మన ఆసియాదే. పశువులతో పాటే ఓడలెక్కి లోకమంతా పాకింది. ఆస్ట్రేలియాలో సాక్ష్యం స్పష్టంగా ఉంది: 1872లో బటేవియా నుంచి డార్విన్‌లో దిగిన మూపురం పశువులతో అది వచ్చి, ఉత్తరాన ఉన్న యూరప్ జాతి మందల్ని దెబ్బతీసింది. అరవై ఏళ్ల తర్వాత, 1933లో, విరుగుడుగా వాళ్లు తెచ్చుకున్నదీ బ్రాహ్మన్ పశువుల్నే. రోగమూ మందూ ఒకే కొట్టంలోంచి వెళ్లాయి.

పొట్టి నునుపు వెంట్రుకలు, చిన్నదాన్నైనా దులిపేసే చర్మం, నాలుకతో నాక్కునే అలవాటు, అన్నిటికీ మించి కుట్టినచోట పిల్లగోమారిని కుదురుకోనివ్వని రోగనిరోధక శక్తి: ఇదంతా వేల ఏళ్ల సహవాసంలో వచ్చింది. తట్టుకోలేని దూడలు తరతరాలుగా చచ్చిపోగా మిగిలినవాటి సంతానమే కరవది గిత్త. మనం జాతి అని మురిసే దాని వెనక ఆ పోయిన దూడలున్నాయి.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి డెల్టా వరిమయమయ్యాక దమ్ము చేసిందీ, ధాన్యం లాగిందీ ఈ ఎడ్లే. గొడ్లచావిడి ఇంటికి ఆనుకునే ఉండేది. గుడివాడ వైపు మా అమ్మమ్మ ఊళ్లో నేను చూసింది దాని చివరి రోజులు. సాయంత్రం వేపాకు పొగ, గోడలకి ఏటా సున్నం, నేలకి పేడ అలుకు. కోళ్లు గేదెల కాళ్ల మధ్య తిరుగుతూ రాలిన గోమార్లని ఏరుకు తినేవి. గేదెలు చెరువు బురదలో పొర్లి వచ్చేవి. మధ్యాహ్నాలు అమ్మమ్మ దూడ గంగడోలు కింద వెతికి, పీకినవాటిని కిరసనాయిలు డబ్బాలో వేసేది. కిల్‌బోర్న్ మడిలో జరిగిన పనే. అప్పట్లో అంతా బాగుండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అదే చావిడిలో గమాక్సిన్ పొడి కూడా ఉండేది. బొచ్చెలో కలిపి గేదెలకీ కుక్కకీ ఉత్త చేతుల్తో పూసేవారు, ఆ చేతుల్తోనే నీళ్లు తోడేవారు. ఆ పొడిలోని బి.హెచ్.సి.ని ప్రభుత్వం 1997లో గానీ నిషేధించలేదు.

తర్వాత ట్రాక్టరొచ్చింది. గిత్తలు సంక్రాంతి బండలాగుడు పోటీలకి మిగిలాయి. ఆవు కావాలన్నవాళ్లు పాల కోసం జెర్సీ, హెచ్.ఎఫ్. సూదులు వేయించారు. ఒంగోలు ఇచ్చే పాలతో పాలకేంద్రం లెక్క తేలదు మరి, రైతుని తప్పు పట్టలేం. కానీ సంకరజాతి దూడలు థైలేరియా జ్వరంతో పోవడం మొదలైంది. దేశవాళీ ఆవు సాధారణంగా ఓర్చుకునే జబ్బది. దాని కోసమే హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ రక్షావాక్-టి అనే టీకా తయారుచేసింది. పుట్టుకతో ఉన్నదాన్ని వదులుకుని సీసాలో కొనుక్కున్నామన్నమాట. ఆ థైలేరియాని మోసే గోమారి దాక్కునేదెక్కడో చదివి నవ్వొచ్చింది: కొట్టం గోడ పగుళ్లలో.

మా విజయవాడ ఇంటి పెరట్లో ఆవు లేదు, కోడి లేదు. గచ్చు, కుండీలు, కాంపౌండు గోడ, ఒక కుక్క. గడ్డి లేకపోతే పురుగులుండవనుకుని గచ్చు చేయించింది నేనే. కానీ కుక్కల మీది గోధుమరంగు గోమారికి గడ్డి అక్కర్లేదు. మనిషి కట్టిన ఇల్లే దానికి అడవి.

మేస్త్రీని పిలిచి గోడ పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాను. డాక్టరుగారు చెప్పిన మందు చెప్పిన పాళ్లలో నీళ్లకి కలిపి, తలుపు చట్రాల వెనకా, కుండీల కిందా, మెట్ల మూలల్లోనూ కొట్టాం. ఆరేదాకా పిల్లల్నీ కుక్కనీ అటు రానివ్వలేదు. కుక్కకి వేరే మాత్ర పడింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి. గుడ్లకి మందు సరిగా పట్టదట. మూడు వారాల తర్వాత మళ్లీ కొట్టమన్నారు, ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం చెవులు చూస్తుంటే మా అమ్మ వచ్చి పక్కన చిన్న గిన్నె పెట్టి వెళ్లింది. వాసన చూస్తే కిరసనాయిలు. ఈ రోజుల్లో ఎక్కడ సంపాదించిందో అడగలేదు.