ఉష్ణ సౌఖ్యం

పరిసరాల వేడి, చలి ఇబ్బంది పెట్టకుండా మనిషి తృప్తిగా ఉండే స్థితిని ఉష్ణ సౌఖ్యం అంటారు. గాలి ఉష్ణోగ్రత, గోడలు, కప్పు నుండి వచ్చే వికిరణం, తేమ, గాలి వేగం, దుస్తులు, శరీర శ్రమ అనే ఆరు అంశాలు దీనిని నిర్ణయిస్తాయి.

అనుకూలన సూత్రం

డెన్మార్కుకు చెందిన ఫాంగర్ 1970లో ప్రకటించిన పద్ధతి ప్రయోగశాల పరీక్షలపై ఆధారపడినది. కిటికీలు తెరచుకొని, ఫ్యాన్లతో గడిపే ప్రజలకు అంతకంటే ఎక్కువ వేడి కూడా సుఖంగానే ఉంటుందని తరువాతి క్షేత్ర పరిశీలనలు తెలిపాయి. ఈ సూత్రాన్ని అమెరికాకు చెందిన ఆష్రే సంస్థ 2004లో తన 55వ ప్రమాణంలో చేర్చింది. దాని ప్రకారం బయటి సగటు ఉష్ణోగ్రతను 0.31తో గుణించి 17.8 కలిపితే సౌఖ్య ఉష్ణోగ్రత వస్తుంది. బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే లోపల 27.1 డిగ్రీలు సుఖకరం.

హైదరాబాదు పరిశీలన

2008 వేసవిలో హైదరాబాదు అపార్టుమెంట్లలో మాధవి ఇంద్రగంటి జరిపిన పరిశీలనలో సౌఖ్య పరిధి సుమారు 26 నుండి 32.5 డిగ్రీలని తేలింది. అప్పటి జాతీయ భవన నియమావళిలోని పరిధి 23 నుండి 26 డిగ్రీలు. ఏసీ లేకుండా వేసవిలో ఆ పరిధిని చేరుకోవడం అసాధ్యం.

పరిమితులు

గాలి ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతను (సుమారు 35 డిగ్రీలు) మించితే ఫ్యాను గాలి శరీరానికి వేడినే చేరుస్తుంది. అప్పుడు చెమట ఆవిరి కావడమే రక్షణ. కోస్తా ప్రాంతపు తేమ దానిని కూడా మందగింపజేస్తుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. కప్పుకు తెల్లసున్నం, పడమటి గోడకు నీడ, ఎదురెదురు కిటికీలు ఇంటిలోని వేడిని తగ్గిస్తాయి.