చలనచిత్రముల కూర్పరి మార్గరెట్ బూత్



చలనచిత్రము చూచివచ్చినవారు నటుల పేరులు చెప్పుకొందురు; పాటలు పాడుకొందురు. ఆ చిత్రమును ముక్కలుగా కోసి, వరుస దిద్ది, అతికినవారిని తలచువారు అరుదు. అట్టివారిని ఎడిటరులందురు. అమెరికా దేశమున ఆ పనికే జీవితము ధారపోసిన మార్గరెట్ బూత్ అను వనిత చరిత్రమును నేడు విన్నవింతును.

ఈమె 1898వ సంవత్సరమున లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. సోదరుడు ఎల్మర్ బూత్ నటుడు. అతడు 1915లో మోటారు ప్రమాదమున మరణించెను. అతని అంత్యక్రియలయందు ప్రసంగించిన గ్రిఫిత్ అను ప్రసిద్ధ దర్శకుడే, పదునేడేండ్ల యీ బాలికకు ఫిలిము ముక్కలు అతుకు పని యిచ్చెను. అది కుట్టుపనివంటిదని తలచి, ఆ కాలమున బాలికల కప్పగించుచుండిరి.

అవి మూకచిత్రముల దినములు. ఫిలిము అంచున వరుస యంకెలు లేవు. అడుగు ఫిలిమునకు 16 బొమ్మలుండును. ఒక బొమ్మకును దాని ప్రక్కబొమ్మకును భేదము వెండ్రుకవాసి. వానిని కంటితో పోల్చియే, ఏ ముక్క యెచ్చట కలియునో ఆమె నిర్ణయింపవలసి యుండెను. అంకెలు చెరిగిన తాళపత్ర గ్రంథమును నేనొకప్పుడు సరిచేయ కూర్చుంటిని. ఒక యాకు చివరి పదమునకును మరియొక యాకు మొదటి పదమునకును అన్వయము కుదురుటకే రాత్రులు గడచెను. కావున ఆమె శ్రమ నాకు కొంత బోధపడినది.

పిమ్మట ఆమె లూయీ మేయరు సంస్థలో చేరెను. జాన్ స్టాల్ అను దర్శకుడు త్రోసివేసిన ముక్కలను పని ముగిసిన తరువాత ఏరి, తనకు తోచినట్లు కూర్చి అభ్యసించెడిది. పారవేసిన ఫిలిమే ఆమెకు ఓనమాల పలక. స్టాల్ ఆమె నేర్పును గుర్తించి, తనకు సహాయకురాలిగా గైకొనెను.

1924లో ఆ సంస్థ మెట్రో గోల్డ్విన్ మేయర్ అను మహాసంస్థలో కలిసెను. 1935లో వెలువడిన ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ చిత్రపు కూర్పునకు ఆమె పేరు ఆస్కారు పోటీకి ఎన్నికయ్యెను. బహుమానము మాత్రము వేరొకరికి దక్కెను. పిదప ఆమె ఎడిటరులందరికిని అధ్యక్షురాలై, 1968 వరకు ఆ పదవి నిర్వహించెను. ఆ సంస్థ చిత్రములు ఆమె కన్నుదాటి వెలుపలికి పోవుట అరుదు. అయినను తెరమీద ఆమె పేరు కానవచ్చుట తక్కువ. 1978లో, ఎనుబదేండ్ల వయస్సున, ఆమెకు గౌరవ ఆస్కారు లభించెను. 2002లో, 104 ఏండ్లు నిండిన పిమ్మట, కాలధర్మము నొందెను.

ఆకులు సరిగా అమరిన గ్రంథము చదువువారికి వానిని అమర్చినవారు జ్ఞప్తికి రారు. రాకుండుటయే ఆ పని చక్కగా జరిగినదనుటకు సాక్ష్యము. చూచువారు మరచిన మరతురుగాక. చరిత్ర చెప్పువారు మాత్రము ఆ పేరు విడువరాదని నా మనవి.