చేతుల కుర్చీ: గోదావరీ మండలమున దాని చరిత్రము

మహాసభకు విచ్చేసిన సోదరులు నేడు తాము కూర్చుండియున్న కుర్చీలను ఒక్కమారు పరికింపవలెనని నా ప్రార్థన. అవి యెవరు చేసినవి? ఏ కొలతతో చేసినవి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

కుర్చీ యను మాట మనది కాదు. అరబ్బీలోని 'కుర్సీ' హిందుస్థానీ మార్గమున తెలుగున ప్రవేశించినది. మాట పరదేశియైనను ఆసనవిద్య మనకు క్రొత్తది కాదు. ఆసనమనగా కూర్చుండుటయు, కూర్చుండెడి సాధనమును గూడ. పతంజలి మహర్షి ఆసనమునకు రెండే లక్షణములు చెప్పెను: అది స్థిరముగా నుండవలెను, సుఖముగా నుండవలెను. ఆయన యుద్దేశించినది శరీరస్థితియే యైనను, వడ్రంగి కింతకంటె మంచి సూత్రము దొరకదు. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనములకు ప్రత్యేకముగా నొక యధ్యాయమునే వ్రాసెను. టేకగు శాకమును, శింశుపను, చందనమును, దేవదారువును మంచి కఱ్ఱలలో చేర్చెను. పిడుగు పడినదియు, గాలికి కూలినదియు, పక్షులు గూళ్లు కట్టినదియు నగు మ్రాను కూడదనెను. ఎనిమిది యవలు ఒక యంగుళమని కొలతను నిర్ణయించెను. శకునముల మాట యెట్లున్నను, చెడిన మ్రానును విడువుము, కొలతకు కట్టుబడుము అను రెండు ఉపదేశములు ఇందు స్పష్టముగా నున్నవి.

ఇక మన తీరముయొక్క చరిత్రము. 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు రేవులలో తిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు, నరసాపురముచెంతనున్న మాధవాయపాలెము ప్రాంతమున మంచి కలపయు, ఇనుమును, నేర్పరులగు వడ్రంగులును దొరకుటచే అచట ఓడలు కట్టించుకొనుచుండిరని వ్రాసెను. ఆ శతాబ్దియందే కోరమాండల్ తీరమున నల్లని చేవకఱ్ఱతో చెక్కిన కుర్చీలు ఓడలపై ఐరోపాకు పోయినవి. వానిలో కొన్నిటిని 18వ శతాబ్దిలో హోరేస్ వాల్పోల్ అను ఆంగ్లేయ ప్రముఖుడు సంపాదించి, అవి తన దేశపు ట్యూడరు రాజుల కాలపువని నమ్మి, తన భవనమున నలంకరించుకొనెను. అవి ఈ తీరపు పనివాండ్ర చేతిపని యని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి. వస్తువు సముద్రము దాటెను గాని, చేసినవాని పేరు దానితో పోలేదు. మన పొరుగుననున్న విశాఖపట్టణము సైతము 18వ శతాబ్దిలో దంతపు పొదుగుపనికి ప్రసిద్ధి కెక్కెను.

అయినను ఈ కుర్చీలు ప్రభువుల ఇండ్లకు చేసినవి. కచేరీ కుర్చీ కథ వేఱు. పూర్వము మన కరణము చాపపై కూర్చుండి, ఎడమచేత తాటాకు పట్టుకొని, కుడిచేత గంటముతో వ్రాసెడివాడు. ఆ పనికి బల్ల యక్కఱలేదు. కాగితము, సిరా, పెద్ద పెద్ద దస్తరములు వచ్చినపిమ్మట బల్ల వచ్చెను. బల్ల వచ్చినందున కుర్చీ వచ్చెను. ఉదయము మొదలు సాయంకాలము వఱకు వ్రాయువాని మోచేతులకును భుజములకును విశ్రాంతి కావలసియుండుటచే కుర్చీకి చేతులు వచ్చెను.

గోదావరీ మండలమున ఈ మార్పునకు ఆనకట్ట తోడ్పడెను. సర్ ఆర్థరు కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన పని 1852లో ముగిసెను. దానికై ధవళేశ్వరమున పనిశాలలు వెలసెను. మన్యపు టేకు దుంగలు నదిపై తెప్పలుగా రాజమహేంద్రవరమునకు దిగుచుండెను. కాలువలు, న్యాయస్థానములు, పాఠశాలలు పెరిగినకొలది వ్రాతపని పెరిగెను. టేకు కోళ్లు, టేకు చేతులు, పేము అల్లిన కూర్చుండుచోటు గల కుర్చీ కచేరీలకు గుర్తయ్యెను. చెమటపట్టెడి మన డెల్టా దేశమున పేము అల్లికకు మించినది లేదు. క్రిందినుండి గాలి తగులును, అల్లిక తెగినచో కఱ్ఱను కదపకయే మరల నల్లుకొనవచ్చును.

ఈ కుర్చీకి సుఖము గలదు గాని సులభనిర్మాణము లేదు. ఒక్కొక్క వడ్రంగి ఒక్కొక్క కొలతతో చేసెను. ఒకరి కుర్చీ చేయి విఱిగిన వేఱొకరి చేయి దానికి సరిపడదు. ఇదే సమయమున, 1859లో, వియన్నా నగరమున మైకేల్ తోనెట్ అను జర్మను వడ్రంగి ఆవిరిలో వంచిన కఱ్ఱతో 14వ నంబరు కుర్చీని చేసెను. దానికి 6 భాగములు, 10 మరమేకులు మాత్రమే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో నిమిడి దేశదేశములకు పోయెను. ఆయనయు వడ్రంగియే! కాని కొలతను మార్చలేదు, భాగములను తగ్గించెను. 1972లో ఫ్రాన్సున ఆంరీ మసొనె యనునాతడు చేతులతో కూడిన ప్లాస్టిక్ కుర్చీని ఒకే అచ్చులో, రెండు నిమిషములలోపల, పోత పోయు పద్ధతిని కనిపెట్టెను. నేడు మన పెండ్లిపందిళ్లలో కనబడునవి దాని సంతతియే. మన కొట్టములలో ఉలిచప్పుడు తగ్గుటకు ఇదియొక ముఖ్యకారణము.

కావున మన పిల్లలు వృత్తిని విడువకుండుటకు మార్గమేమి? నగిషీలో పోటీ కాదు, ప్రమాణములో పోటీ. 1997లో అహమ్మదాబాదు జాతీయ డిజైను సంస్థ భారతీయుల శరీరప్రమాణములను గ్రంథముగా ప్రకటించెను. పాశ్చాత్యుల కొలతతో చేసిన కుర్చీలో మనవారిలో పలువురకు పాదములు నేలకు ఆనవు, తొడల క్రింద రక్తప్రసారము నొక్కుకొనును. నేను యోచించిన కొలతలను విన్నవింతును. కూర్చుండుచోటు ముందుభాగమున నేలనుండి 16½ అంగుళములు, వెనుక అర అంగుళము తక్కువ. లోతు 17 అంగుళములు. చేతులనడుమ వెడల్పు 20 అంగుళములు, ఏలయన మన గుమాస్తాలు కాళ్లు పైకి మడచుకొని కూర్చుండుట మానరు. చేతుల యెత్తు కూర్చుండుచోటినుండి 8½ అంగుళములు, అనగా బల్ల క్రిందికి దూరవలెను. వీపు అడుగునకు 2 అంగుళములు వెనుకకు వాలవలెను.

కఱ్ఱలు 14 చాలును. ఒక్కొక్క ప్రక్కకు ముందుకోడు, వెనుకకోడు, చేయి, పట్టె, క్రిందిపట్టె అని అయిదు. ముందుకోడే పైకి సాగి చేతిని మోయును. రెండు ప్రక్కలను కలుపుటకు అడ్డుపట్టెలు నాలుగు, అన్నియు ఒకే పొడవు. ప్రక్కలను బెజ్జములలో బిగించి, అడ్డుపట్టెలను 8 బోల్టులతో కట్టినచో విప్పి బండిపై పంపవచ్చును. వెనుకకోళ్లను ఒకే పలకపై అచ్చుతో నొకదానిప్రక్క నొకటి గీసి కోసినచో టేకు వ్యర్థము కాదు.

2022 ఏప్రిలు 4న జిల్లాలు విభజింపబడి భీమవరము, అమలాపురము మున్నగు పట్టణములలో క్రొత్త కలెక్టరు కచేరీలు వెలసెను. అచటి కుర్చీలలో ఎన్ని మన కొట్టములలో పుట్టినవో యెవరికివారు పోయి చూడవచ్చును. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున వడ్రంగులకు శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును, తక్కువ వడ్డీకి ఋణమును ఏర్పఱచిరి. పనిముట్లు వచ్చినను కొలత యొక్కటి కానిచో నూఱు కుర్చీల గిరాకీని పదిగ్రామములవారు పంచుకొని చేయజాలరు.

కాబట్టి ఈ మహాసభ ఒక మాదిరిని, ఒక కొలతల పట్టికను నిర్ణయించి, ప్రతి గ్రామమునకు ఒక జత అచ్చుపలకలు పంపుటకు తీర్మానించునుగాక యనియు, మన బాలురు ఉలితోపాటు కొలబద్దను, గీతపటమును నేర్తురుగాక యనియు ప్రార్థించుచు విరమించుచున్నాను.