కడిగిన కాళ్ళనే కడుగుతున్నాం

పవిత్ర గురువారం సాయంత్రం పూజకు ఇత్తడి పళ్ళెం, చెంబు, తువ్వాలు సిద్ధం చేసే పని మా గుడిలో నాది. పన్నెండుమంది బెంచీల మీద కూర్చుంటే ఫాదర్ గారు మోకరించి వాళ్ళ కాళ్ళు కడుగుతారు. చెంబులో నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో, చివరికి పళ్ళెంలో చేరినవీ అంతే తేటగా ఉంటాయి. అందరూ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని మరీ వస్తారు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఏసుప్రభువు కడిగినవి దుమ్ములో నడిచొచ్చిన శిష్యుల కాళ్ళు. నడుముకు తువ్వాలు చుట్టుకుని దాసులు చేసే పనికి దిగాడు. వాళ్ళలో ఒకడైన పేతురు ససేమిరా అన్నాడు. పేతురు ఇబ్బంది మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మన పెళ్ళిళ్ళలో పిల్లనిచ్చేవాడు కడగాలి, పుచ్చుకునేవాడు కడిగించుకోవాలి. అది తిరగబడితే పందిట్లో గొడవే!

6వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి బెనెడిక్టు తన మఠాలకు రాసిన నియమావళిలో ఈ కాళ్ళు కడగడం వంటింటి పనితో కలిసి ఉండేది. శనివారం నాడు వంట వంతు ముగించినవాడూ, కొత్తగా అందుకునేవాడూ కలిసి అందరి కాళ్ళూ కడగాలి. వచ్చిన అతిథుల కాళ్ళు మఠాధిపతీ, మఠంలోని వాళ్ళందరూ కడగాలి. డబ్బున్నవాళ్ళకు మర్యాద ఎలాగూ జరుగుతుంది కాబట్టి పేదలనూ యాత్రికులనూ ఎక్కువ కనిపెట్టుకోమన్నాడు. నాకు నచ్చిన మాట అది.

ఆ తర్వాత ఈ ఆచారం రాజుల చేతికి వెళ్ళింది. 1573లో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్తు గ్రీనిచ్‌లో 39 మంది పేద స్త్రీల కాళ్ళు కడిగింది. అప్పుడామె వయసు 39. అయితే రాణిగారి కంటే ముందు చాకిరీవాళ్ళు గోరువెచ్చని పరిమళపు నీళ్ళతో ఒకసారి, దానధర్మాల అధికారులు మరో రెండుసార్లు కడిగారట. రాణిగారి వంతు వచ్చేసరికి మురికి ఎక్కడుంటుంది? మా బెంచీల సంగతి కొత్తదేం కాదన్నమాట. 17వ శతాబ్దంతో ఇంగ్లండు రాజులు తమ చేత్తో కడగడం మానేశారు. ఇప్పుడు వెండి నాణేలు పంచుతారు. అధికారుల నడుముకు తువ్వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఉంటాయి. నీళ్ళే లేవు.

2013 మార్చి 28న పోపు ఫ్రాన్సిస్ పెద్ద గుడి వదిలి, రోములో చిన్న వయసువాళ్ళను ఉంచే కాసల్ దెల్ మార్మో జైలుకు వెళ్ళి పన్నెండుమంది కాళ్ళు కడిగారు. వాళ్ళలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. అప్పటికి నిబంధన మగవాళ్ళకే. 2016లో దాన్నీ మార్చారు.

వినయాన్ని వేడుక చేస్తే అహంకారం ముందు వరసలో వచ్చి కూర్చుంటుంది. మా గుడిలో కాళ్ళు కడిగించుకునేవారి జాబితాలో ఏటా సంఘ పెద్దల పేర్లే. ఈ ఏడు ఆ జాబితా రాసేవారికి నా మనవి: గుడి ఆవరణ ఊడ్చే ఆమెను పిలవండి, మిరపకోతల నుంచి వచ్చే కూలీలను పిలవండి. ఇంటికెళ్ళి కడుక్కుని రమ్మని మాత్రం చెప్పకండి. మురికి నీళ్ళు పారబోసే పని నేను చూసుకుంటాను.