నీరు, మాట, పాట

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున, గుండ్లకమ్మ నదిలో, క్లౌ దొర మిషనునందు 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తన నోట విశ్వాసమును ఒప్పుకొనలేని పసిబిడ్డకు బాప్తిస్మము తగదని బాప్టిస్టుల నియమము. హయ్యరు 1842లో గుంటూరున ఆరంభించిన లూథరను మిషనులో పద్ధతి వేరు. తల్లిదండ్రుల మాటపై శిశువునకే బాప్తిస్మమిత్తురు. పెరిగిన పిమ్మట బిడ్డ ఆ మాటను సంఘము ఎదుట తనదిగా చెప్పుకొనును.

1912లో ఉక్కు తీయనారంభించిన టాటా కర్మాగారము తెలుగువారిని జంషెడ్‌పూరునకు రప్పించినది. ఆ నగరము ఉత్తర భారత సంఘమున ఛోటానాగపూరు అధ్యక్ష మండలములోనిది. 1970 నవంబరు 29న ఏర్పడిన ఆ సంఘము రెండు పద్ధతులకును తావిచ్చినది. నీరు ముందా, ఒప్పుకోలు ముందా అను తగవు ఒకే కప్పు క్రింద సర్దుకొన్నది.

అయినను అసలు చిక్కు తీరలేదు. శిశువు పక్షమున మాట ఇచ్చినను, బిడ్డ ఎదుగువరకు వేచినను, నేర్పవలసినది ఇల్లే. పరభాషా నగరమున తెలుగు అక్షరములు రాని బిడ్డకు ఏ మాటలలో నేర్పుట?

పురుషోత్తమ చౌధురి (1803–1890) పెద్దవాడైన పిదప బాప్తిస్మము పొందినవాడు. అయినను ఆయన కీర్తనలను శిశు బాప్తిస్మమిచ్చు సంఘములును, ఈయని సంఘములును సమముగా పాడుకొన్నవి. పాటకు లిపి అక్కరలేదు; పాడు తల్లి ఉన్న చాలును. ఆమె మానిననాడు బాప్తిస్మ పుస్తకమున బిడ్డ పేరు మాత్రమే మిగులును.