అనుమతి అడగని పదిమంది

1819 ఏప్రిల్ 4, ఆదివారం. మీరు కోరంగి నుంచి వచ్చిన ఓడ వడ్రంగి. ఇంజరం బట్టల మూటలు రంగూను రేవులో దిగిపోయాయి. ఓడకి కొత్త టేకు పలకలు వెయ్యాలని దాన్ని నడిపే నాఖుదా మిమ్మల్ని ఇక్కడే ఆపేశాడు. పని ఎప్పటికి తెమిలేనో తెలీదు. ఇవాళ సెలవు. కర్రల కోట గుమ్మం దాటి, ష్వేడగాన్ పగోడాకి పోయే దారిలో నడుస్తున్నారు. ఎండ మాడు పగలగొడుతోంది. పూలు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం మిమ్మల్ని దాటిపోతున్నారు. దారికి రెండు పక్కలా చిన్నా పెద్దా స్తూపాలు.

వాటి మధ్య ఇంకా పూర్తికాని ఒక చావడి. బర్మావాళ్ళు జయాట్ అంటారు, దారిన పోయేవాళ్ళు కాసేపు నడుం వాల్చే చోటు. పనివాడి కన్ను కదా, చూడగానే కొలత వేసేస్తుంది: పొడుగు 27 అడుగులు, వెడల్పు 18, నేలకి నాలుగడుగుల ఎత్తు. ముందుభాగం వెదురూ గడ్డీ వేసిన వసారా, దారివైపు బార్లా తెరిచి ఉంది. అందులో కూచున్న తెల్లదొర అడొనిరామ్ జడ్సన్. వయసు ముప్పై. అమెరికా నుంచి వచ్చి ఆరేళ్ళు కావస్తోంది. ఇన్నాళ్ళలో ఒక్క బర్మా మనిషి కూడా ఆయన మతంలో చేరలేదు. జ్ఞానం కోసం దాహంగా ఉన్నవాళ్ళు రండి రండి అని దారినపోయేవాళ్ళని బర్మా భాషలో పిలుస్తున్నాడు. మీకు నవ్వొస్తుంది. అయినా మెట్టెక్కుతారు. పిల్లల్ని వదిలేస్తే లోపల పదిహేనుమంది ఉంటారేమో.

వింటున్నవాళ్ళకి పాపం అనే మాట కొత్త కాదు. చంపకూడదు, దొంగిలించకూడదు, వ్యభిచరించకూడదు, అబద్ధమాడకూడదు, మత్తు తాగకూడదు. ఈ అయిదు శీలాలూ వాళ్ళకి పాలతో వచ్చాయి. చేసిన కర్మ అనుభవించాల్సిందే, దాన్ని మాఫీ చేసే వాడెవడూ పైన లేడు. దానం చేస్తే, గుడి కడితే పుణ్యం ఖాతాలో పడుతుంది, అంతే. ఈ లెక్క మీకూ తెలిసిందే. సముద్రం దాటి వచ్చినందుకు ఇంటికెళ్ళాక ఏ ప్రాయశ్చిత్తం చెయ్యమంటారో అని మీ గుండెలో ఒక మూల బెరుకు ఉండనే ఉంది.

దొర చెప్పేది ఈ లెక్కకి అడ్డంగా పోతోంది. ఆయన మాటల వెనక పౌలు ఉన్నాడు. పౌలు యూదుల ధర్మశాస్త్రంలో ఆరితేరినవాడు. గలతీయ సంఘాల్లో కొత్తగా విశ్వాసులైనవాళ్ళు సున్నతి కూడా చేయించుకోవాలని కొందరు పట్టుబడితే కోపంతో ఉత్తరం రాశాడు. శాస్త్రం పాటించి ఎవడూ దేవుడి ముందు నీతిమంతుడు కాలేడన్నాడు. రోమావాళ్ళకి రాసినప్పుడు ఇంకా లోతుకి వెళ్ళాడు: శాస్త్రం మంచిదే, కాని అది పాపం ఏదో చూపిస్తుంది, పాపం నుంచి విడిపించలేదు. మీ చేతి సంచిలో మూలమట్టం ఉంది. పలక వంకర అని అది ఖచ్చితంగా చెబుతుంది. చెప్పి ఊరుకుంటుంది, వంకర తియ్యదు. క్రీస్తు మరణంతో పాపపు బాకీ తీరిపోయిందనీ, నమ్మినవాడు శాస్త్రం కింద బానిస కాడనీ పౌలు వాదం. అలాగని ఇష్టారాజ్యం కాదు. విడుదలైనవాడు తనంతట తానే ప్రేమతో ఇంకొకడికి సేవకుడవుతాడు.

ఒక చిన్న పుస్తకం మీ చేతిలో పెడతారు. మూడేళ్ళ కిందట ఆయన రాసిన బోధ అది, సేరంపూర్ మిషనరీలు ఇచ్చిన అచ్చుయంత్రం మీద వేసింది. ఆ సేరంపూర్‌లోనే నిరుడు తెలుగు కొత్తనిబంధన కూడా అచ్చయింది. గుండ్రటి బర్మా అక్షరాలు మీకు చదవడం రాదు. అయినా మడిచి నడుంలో దోపుకుంటారు.

రాత్రి రేవులో మీ బావమరిది నిలదీస్తాడు. "ఏం బావా, దొర చావిట్లో కూచున్నావంట గదా! కులం చెడితే మా అక్కకి నేనేం చెప్పనూ?"

"వినడానికి వెళ్ళానురా. వింటే చెడుతుందా?"

"ఇక్కడి రాజుకి తెలిస్తే కులం సంగతి తర్వాత, ముందు తల ఎగిరిపోద్ది."

వాడన్నది నిజం. ఈ దేశంలో మతం రాజుగారిది. ఆయన మతం వదలడమంటే ఆయన్ని ధిక్కరించడమే.

ఏప్రిల్ నెలాఖరున చావిట్లో ఒక కొత్త మనిషి కనిపిస్తాడు. మౌంగ్ నౌ. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆస్తీ చదువూ లేవు, రెక్కాడితేగాని డొక్కాడదు. వాదించడు, మర్నాడు మళ్ళీ వస్తాడు. జూన్‌లో బాప్తిస్మం ఇమ్మని ఉత్తరం రాసి ఇస్తాడు. ఇంతలో అమరపుర నుంచి కబురు దిగుతుంది: ముసలి రాజు బోదవ్‌పయా చనిపోయాడు, మనవడు బజీడో గద్దెనెక్కాడు. బజారంతా గుసగుసలు. కొత్త రాజు ఎలాంటివాడో ఎవరికీ తెలీదు. జూన్ 27న, వానాకాలం మబ్బుల కింద, మీరు చెరువు దగ్గరకి వెళతారు. గట్టుమీద గౌతముడి పెద్ద విగ్రహం. దాని ఎదుటే మౌంగ్ నౌ నీళ్ళలో దిగి మునిగి లేస్తాడు. ఆరేళ్ళకి మొదటివాడు.

తర్వాత వచ్చేవి భయపు రోజులు. మౌంగ్ ష్వే నౌంగ్ అని పెద్ద పండితుడు, దేన్నీ తొందరగా నమ్మని తర్కవాది, చావిట్లో గంటలకొద్దీ వాదిస్తుండేవాడు. ఆయన మతం మారుతున్నాడని రంగూను పాలకుడికి ఫిర్యాదు వెళుతుంది. ఇంకా విచారించండి అని పాలకుడు ఒక్కమాట అంటాడు. అంతే, చావడి ఖాళీ. మీరు దారిలో పోతూ చూస్తే దొర ఒక్కడే కూచుని ఉంటాడు. మౌంగ్ థలా, మౌంగ్ బ్యా బాప్తిస్మం అడిగారు గాని, పొద్దుగూకే వేళ, నలుగురి కళ్ళా పడకుండా ఇమ్మన్నారు. నవంబర్ 7న సూర్యుడు దిగిపోయాక అదే చెరువులో అయింది. పాట లేదు, జనం లేరు.

లోపల విడుదల, బయట భయం. ఇలా కుదరదనుకున్నాడు జడ్సన్. రాజునే అడుగుదామని సహచరుడు జేమ్స్ కోల్మన్‌తో డిసెంబరులో పడవెక్కాడు. కానుకగా ఆరు సంపుటాల బైబిలు, అట్టలకి బంగారు రేకు తాపించారు. పడవ ఐరావతి మీద ఎదురెక్కి పోతుంటే మీరు గట్టున నిలబడి చూశారు. కొత్త మతంలో చేరినవాళ్ళని శిక్షించకుండా రాజు ఒక్క మాట ఇస్తే చాలునని ఆయన ఆశ.

1820 ఫిబ్రవరి 18న తిరిగి వచ్చారు. రేవులో వార్త అప్పటికే తిరుగుతోంది. రాజు విన్నపం చదివాడు. ఒకే నిత్యుడైన దేవుడున్నాడన్న మొదటి మాటలు చూసి చిన్న బోధ పుస్తకాన్ని కిందికి విసిరేశాడు. బైబిలు సంపుటాల వంక చూడనైనా లేదు.

రెండు రోజుల తర్వాత జడ్సన్ బాప్తిస్మం పొందిన ఆ ముగ్గుర్నీ కూర్చోబెట్టి జరిగింది చెబుతాడు. మీరు వసారా అంచున, స్తంభానికి ఆనుకుని ఉన్నారు. వీళ్ళు బెదిరిపోతారని ఆయన అనుకుంటున్నట్టు మొహంలోనే తెలుస్తోంది. రంగూను వదిలి చిట్టగాంగ్ వైపు వెళ్ళిపోవాలని ఆయన ఆలోచన. మౌంగ్ నౌ ఎక్కడికైనా వస్తానంటాడు. థలా కూడా అంతే. బ్యాకి యాభై ఏళ్ళు, మిషన్ రాత్రిబడిలో చదువు నేర్చుకుంటున్నవాడు. చాలాసేపు మాట్లాడడు. బర్మా ఆడమనిషి దేశం దాటకూడదని చట్టం ఉంది, భార్యని వదిలి తాను రాలేడు. ఒంటరిగా మిగిలినా ఈ దారిలోనే ఉంటానంటాడు.

నాలుగు రోజులకి మళ్ళీ అతనే, బావమరిదిని వెంటబెట్టుకుని వస్తాడు. వెళ్ళొద్దని బతిమాలుకుంటాడు. ఎనిమిదిమందో పదిమందో అయ్యేదాకా ఉండండి, వాళ్ళలో ఒకర్ని బోధకుడిగా నిలబెట్టండి, ఆ తర్వాత మీరు వెళ్ళినా ఇది దానంతటదే పెరుగుతుంది, రాజు కూడా ఆపలేడు అని.

మూడు నెలల కిందట నలుగురి కళ్ళకి వెరచి పొద్దు గూకాక చెరువులో దిగిన మనిషే ఇతను. దొర రాజు దగ్గరకి వెళ్ళి అడిగింది ఒక చట్టం, ఇంకో చట్టం నుంచి కాపాడే చట్టం. ఆయనే చెప్పిన పాఠం మాత్రం వేరు: విడుదల ఏ శాస్త్రమూ ఇచ్చేది కాదు, కనక ఏ శాస్త్రమూ తీసుకోలేదు. గురువు అమరపుర దాకా వెళ్ళి ఓడిపోయి వచ్చిన విషయాన్ని శిష్యుడు రంగూనులో కూచునే గ్రహించాడు. కోల్మన్ చిట్టగాంగ్ వెళ్ళాడు. జడ్సన్ ఉండిపోయాడు.

జులై 18. భార్య ఆన్ జబ్బు ముదిరింది, మర్నాడే ఆమెని తీసుకుని బెంగాల్ ఓడ ఎక్కాలి. ఆ రోజే ష్వే నౌంగ్, చాలాకాలం వాదించి వాదించి, బాప్తిస్మానికి సిద్ధమయ్యాడు. అది చూశాక మా మిన్ లే అనే ఆవిడ తానూ ఆగలేనంది. చీకటి పడ్డాక ఆమెకీ ఇచ్చారు. మధ్యలో చేరినవాళ్ళతో కలిపి లెక్క పదికి చేరింది.

జడ్సన్ 1821 జనవరిలో తిరిగి వచ్చేసరికి మీ ఓడ కూడా బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పదిమందిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. బజారులో మాత్రం ఒక ముచ్చట తిరుగుతోంది. ష్వే నౌంగ్ సన్యాసుల అన్నపుకుండ బోర్లించేస్తున్నాడని పెద్దలు పాలకుడి దగ్గర మొరపెట్టుకున్నారట. అయితే ఏం, ఆ కుండని సన్యాసులే మళ్ళీ తిప్పుకుంటార్లే అని పాలకుడు కొట్టిపారేశాడట. మీ బావమరిది పలకల్ని తాళ్ళతో బిగిస్తూ పగలబడి నవ్వుతాడు. బంగారు రేకు తాపిన ఆరు సంపుటాలకి దొరకని అనుమతి, దాన్ని అడగడం మానేసినవాళ్ళ గుమ్మంలోకి ఇలా నడిచి వచ్చింది.