విషం ఎవరిది? కలరా జీవవిష జన్యువుల అన్వేషణ చరిత్ర

1884లో కలకత్తాలో కలరా రోగుల పేగులను పరీక్షించి కామా ఆకారపు బాక్టీరియాను గుర్తించిన రాబర్ట్ కోఖ్, అది విడుదల చేసే విషమే రోగలక్షణాలకు మూలమై ఉండాలని భావించారు. ఆ భావనకు ప్రయోగ నిదర్శనం లభించడానికి 75 ఏళ్లు పట్టింది. కోఖ్ శిష్యుడు రిషార్డ్ ఫైఫర్ ప్రతిపాదించిన అంతర్విష భావన, బాక్టీరియా నశించినప్పుడు వెలువడే విషం వైపు పరిశోధకుల దృష్టిని మళ్లించడం ఈ జాప్యానికి ఒక ముఖ్య కారణం.

కలకత్తాలో వ్యాధివిజ్ఞాన ఆచార్యులు శంభునాథ్ దే అన్వేషణను తిరిగి పేగు వద్దకు తెచ్చారు. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, అందులోకి కలరా బాక్టీరియాను ఎక్కిస్తే ఆ భాగం ద్రవంతో ఉబ్బుతుందని 1953లో చూపారు. బాక్టీరియాను పూర్తిగా వడకట్టి తొలగించిన ద్రవంతోనూ అదే ఫలితం వస్తుందని 1959లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 1969లో ఫింకెల్‌స్టైన్, లోస్పలూటో ఆ విషాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు.

తరువాతి ప్రశ్న జన్యువులది. విషంలోని ఏ, బి ఉపభాగాలకు సిటిఎక్స్‌ఏ, సిటిఎక్స్‌బి జన్యువులు ఆధారమని తేలింది. 1983లో వాటి క్రమం వెలువడింది. ఐదు బి ఉపభాగాలు పేగుకణానికి అంటుకోగా, ఏ ఉపభాగం లోనికి చేరి సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఫలితంగా లవణాలు, నీరు పేగులోకి పారుతాయి. అయితే విషం ఒక్కటే చాలదు. పేగులో స్థిరపడేందుకు బాక్టీరియాకు సూక్ష్మకేశాలు అవసరం. వాటి జన్యువులూ విషజన్యువులూ టాక్స్‌ఆర్ అనే నియంత్రక జన్యువు అదుపులోనే ఉన్నాయని 1980లలో వెల్లడైంది.

1996లో వాల్డర్, మెకలనోస్ చేసిన ఆవిష్కరణ చర్చను మలుపు తిప్పింది. విషజన్యువులు ఒక తంతురూప బాక్టీరియోఫేజ్‌కు చెందినవి. ఆ వైరస్ పైన చెప్పిన సూక్ష్మకేశాలనే ద్వారంగా చేసుకొని బాక్టీరియాలో ప్రవేశించి, దాని క్రోమోజోములో కలిసిపోతుంది. డిఫ్తీరియా విషానికీ ఫేజ్‌తో సంబంధముందని 1951లోనే ఫ్రీమన్ చూపి ఉన్నారు.

నదీముఖాల నీటిలో జీవించే విబ్రియో కలరేలో అధికభాగానికి ఈ విషజన్యువులు లేవు. కనుక రోగజనకత ఆ జాతికి సహజ స్వభావం కాదు, చరిత్రలో సంక్రమించిన ఆస్తి. బాక్టీరియా పేరుకన్నా అది మోసే జన్యువులను గుర్తించడమే నేటి కలరా నిఘాకు కీలకం.